కెనాల్ ఎవరిది, ఛానల్ ఎవరిది?

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మా పెదనాన్న నాచేత ఒక అర్జీ రాయించారు. పెంటపాడు దగ్గర మా చేలకు నీళ్లిచ్చే పిల్లకాలవ పూడిపోయింది. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలవలు కట్టేశారు, సార్వాకి మళ్లీ నీళ్లు వదిలేలోపు పూడిక తీయించమని అడగాలి. తెలుగులో రాస్తే కాగితం కట్టలో అడుక్కి పోతుందనీ, ఇంగ్లీషులో రాస్తే పైన ఉంటుందనీ ఆయన నమ్మకం. అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, "పొలానికెళ్లే కాలవ పూడిపోయింది, తవ్వించండి అని రాయరా. అంతే. ఎక్కువ రాయకు" అన్నారు.

ఇంట్లో ఉన్న నిఘంటువు తీశాను. కాలువ అన్నచోట రెండు మాటలున్నాయి, కెనాల్, ఛానల్. మధ్యలో కామా. కామా పెట్టి రాస్తే రెండూ ఒకటేనని మా ఇంగ్లీషు మాస్టారు చెప్పి ఉన్నారు. 'పొలానికి' అన్నారు కదా అని ముందు ఫీల్డ్ చేర్చాను. భూగోళం పాఠంలో ఇంగ్లిష్ ఛానల్ చదివిన మోజు ఇంకా తీరలేదు కాబట్టి రెండో మాట ఎంచుకున్నాను. 'ఫీల్డ్ ఛానల్' అని గుండ్రటి అక్షరాల్లో దించాను. ఇరవై రోజులకు జవాబొచ్చింది. ఫీల్డ్ ఛానల్ బాగుచేసుకోవాల్సింది రైతులేననీ, అందులో సర్కారు చేసేదేమీ లేదనీ సారాంశం.

పెదనాన్న తిట్టలేదు. నేను నిఘంటువు తెచ్చి చూపిస్తే, ఆ కామా మీద వేలు పెట్టి, "ఇక్కడ పడిందన్నమాట గండి" అన్నారు.

ఆ రెండు మాటల సంగతి అప్పట్నుంచి నన్ను వదల్లేదు. నిఘంటువులు ఒకటి చెబుతాయి, భూగోళం పుస్తకాలు ఒకటి, ఇంజనీర్లు మరొకటి. చట్టానిది ఇంకో లెక్క. డాక్టర్లదీ టీవీవాళ్లదీ వేరే లోకం. ఎవరి మాట ఎంతదాకా నిలుస్తుందో, గోదావరి పశ్చిమ డెల్టాలో కాలవగట్టు మీద నిలబడి చూస్తే చివరికేది మిగులుతుందో తేల్చుకుందామని ఈ వ్యాసం. కొల్లేటి చాంతాడు కాకుండా చూస్తాను కానీ హామీ ఇవ్వలేను.

పుట్టుక దగ్గర పెద్ద తగాదా లేదు. రెండూ ఒక తల్లి బిడ్డలే. లాటిన్‌లో కనాలిస్ అంటే నీళ్లు పోయే గొట్టం, తూము. దానికి మూలం కన్నా, అంటే రెల్లు. లోపల బోలుగా ఉండే కాడని చూసి గొట్టానికి ఆ పేరు పెట్టారు. కొల్లేట్లో కిక్కిస కోసేవాళ్లకు ఈ వ్యుత్పత్తి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ లాటిన్ మాట పాత ఫ్రెంచివాళ్ల నోట నాని, అరిగి, మధ్యయుగాల్లో ఇంగ్లీషులోకి దిగి ఛానల్ అయింది. ఆ తర్వాతెప్పుడో చదువుకున్నవాళ్లు లాటిన్‌కి దగ్గరగా ఉన్న రూపాన్ని మళ్లీ తెచ్చుకున్నారు, అది కెనాల్. మన లెక్కలో చెప్పాలంటే ఛానల్ తద్భవం, కెనాల్ తత్సమం. తత్సమానికి ఉండే బడాయి కెనాల్‌కి ఇప్పటికీ ఉంది. మూడో బిడ్డ కూడా ఒకటి ఉండేది, కెనెల్ అని. వీధి పక్కన మురుగు పారే గాడికి ఆ పేరు. ఇంగ్లీషువాళ్లే దాన్ని మర్చిపోయారు. కుక్కల్ని ఉంచే కెనెల్‌కీ దీనికీ చుట్టరికం లేదు, అది లాటిన్‌లో కుక్క అన్న మాటకు మనవడు.

మన కాలువది వేరే వంశం. తమిళంలో కాల్, కాల్వాయ్, కన్నడంలో కాలువె, తెలుగులో కాలువ. కకారం, లకారం కలిశాయి కదా అని కెనాల్‌ని కాలువకు చుట్టం చేసేవాళ్లు మా కాలేజీ రోజుల్లో ఒకరిద్దరు ఉండేవారు. అది ఉత్త కాకతాళీయం.

ఇక అర్థాల తగాదా. అందరికీ తెలిసిన సూత్రం ఏమిటంటే, మనిషి తవ్వింది కెనాల్, తనంతట తాను ఏర్పడింది ఛానల్. మన అట్లాసులు దీన్ని తెలియకుండానే పాటించాయి. 1869లో తెరిచింది సూయజ్ కాలువ, 1914లో తెరిచింది పనామా కాలువ. ఇంగ్లిష్ ఛానల్‌ని మాత్రం ఏ తెలుగు మాస్టారూ ఇంగ్లిష్ కాలువ అనలేదు. 1958లో మిహిర్ సేన్ దాన్ని ఈదినప్పుడు మన పత్రికలు అతను కాలువ ఈదాడని రాసి ఉంటే, మా వైపు కుర్రాళ్లు ఇదేం గొప్ప, మేం రోజూ ఏలూరు కాలవ ఈదుతున్నాం అనేవారు. అనువదించేటప్పుడు ఒకదాన్ని తెలుగు చేసి, రెండోదాన్ని ఉన్నదున్నట్టు వదిలేయడంలోనే మనవాళ్లకు తేడా తెలుసని తేలుతుంది.

ఈ సూత్రం విలువ ఎంతో చూపించడానికి భూమి చాలదు, అంగారకుడి దాకా వెళ్లాలి. 1877లో మిలాన్‌లో షియాపరెల్లి అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు టెలిస్కోపులోంచి ఆ గ్రహం మీద గీతల్లాంటివి చూసి 'కనాలి' అని రాసుకున్నాడు. ఇటాలియన్‌లో ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి, సహజంగా పడ్డ చాలూ కావచ్చు, తవ్విన కాలువా కావచ్చు. ఇంగ్లీషులోకి అది కెనాల్స్‌గా వెళ్లింది. సూయజ్ తెరిచి ఎనిమిదేళ్లే అయింది, లోకమంతా నోరు తెరిస్తే కెనాలే. ఛానల్ అని ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కెనాల్ అన్నాక మరి తవ్విందెవరన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. అమెరికాలో పెర్సివల్ లోవెల్ అనే డబ్బున్న ఆసామి 1894లో అరిజోనాలో వేధశాల కట్టించి, ఆ గీతలన్నిటికీ పటాలు గీసి, ధ్రువాల దగ్గర కరిగిన మంచునీళ్లను ఎండిన నేలలకు తెచ్చుకోడానికి అంగారక వాసులు తవ్వుకున్న పంట కాలవలే అవని పుస్తకాల మీద పుస్తకాలు రాశాడు. ఆయన ఊహించిన అంగారకుడు అచ్చం మన డెల్టాయే. హెడ్‌స్లూయిస్ ధ్రువం దగ్గర, శివారు భూములు మధ్యరేఖ దగ్గర. శివారు రైతులకు నీళ్లు సరిగా అందేవో లేదో లోవెల్ రాయలేదు. 1965 జులైలో మారినర్ 4 ఆ గ్రహం పక్కనుంచి పోతూ ఫోటోలు తీసి పంపితే గుంటలు తప్ప కాలవలు లేవు. దూరంగా ఉన్న మరకల్ని కన్ను గీతలుగా కలుపుకుంది, ఆ గీతలకు ఒక మాట నీళ్లు పోసింది. అనువాదం చేసేవాళ్లు గోడకి తగిలించుకోవాల్సిన కథ ఇది.

సూత్రం ఇంత బలమైనదైతే దానికి ఎదురు నిలిచేవి ఉండకూడదు. ఉన్నాయి. అమెరికాలో సియాటిల్ దగ్గర హుడ్ కెనాల్ ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లు సెలవు రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లి గుల్లలు ఏరుకునే చోటు. దాన్ని ఎవరూ తవ్వలేదు, హిమానీనదం దొలిచిన సముద్రపు పాయ. 1792లో అక్కడికొచ్చిన కెప్టెన్ వాంకూవర్ తన దినచర్యలో హుడ్స్ ఛానల్ అని రాసుకుని, పటం మీద మాత్రం హుడ్స్ కెనాల్ అని వేశాడు. పటమే గెలిచింది. ఆ పొరపాటు చేయడం సముద్రాలు దాటిన కెప్టెన్‌కి చెల్లిందంటే, పెంటపాడులో పదో తరగతి కుర్రాడికి చెల్లకూడదా?

అంత దూరం కూడా అక్కర్లేదు. మన పోలవరం చాలు. ఆ ప్రాజెక్టు వార్తలు చదివేవాళ్లకు స్పిల్ ఛానల్, అప్రోచ్ ఛానల్ అన్న మాటలు కంఠతా వచ్చి ఉంటాయి. రెండూ పొక్లెయిన్లు పెట్టి, టిప్పర్లతో మట్టి తోలి తవ్వినవే. అదే ప్రాజెక్టులో కృష్ణ దాకా 170 కిలోమీటర్ల పైచిలుకు పోయేదాన్ని మాత్రం కుడి ప్రధాన కెనాల్ అంటారు. తవ్వడమే కొలమానమైతే మూడూ కెనాళ్లే కావాలి. కాబట్టి ఇంజనీర్ల మనసులో వేరే లెక్క ఉంది. స్పిల్ ఛానల్ వరదకు దారి ఇస్తుంది, నది నీళ్లు మళ్లీ నదిలోకే పోతాయి. కెనాల్ నీళ్లను ఒకచోట పట్టి, ఎవరికో అప్పజెప్పడానికి మోసుకుపోతుంది. ఈ తేడా నిఘంటువులో ఉన్నదానికంటే గట్టిది. ఇంగ్లిష్ ఛానల్‌కీ సరిపోతుంది, నదిలో పడవ పోయే లోతు దారిని ఛానల్ అనడానికీ సరిపోతుంది.

ఇంకో మెలిక ఉంది. కెనాల్ అన్న మాట ఇంగ్లండు నుంచి మనకొచ్చేసరికి దానికి వ్యవసాయం తెలీదు. అక్కడ వానలు చాలు, పంటకి నీళ్లు పెట్టే అవసరం తక్కువ. 1761లో మాంచెస్టర్‌కి బొగ్గు తేవడానికి తెరిచిన బ్రిడ్జ్‌వాటర్ కెనాల్ మొదలు, అక్కడ కెనాల్ అంటే పడవ పోయే దారి. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేసినప్పుడు, దాని కింద తవ్విన కాలవలకు రెండు పనులూ పెట్టాడు, చేలకు నీళ్లూ పడవలకు దారీ. విజ్జేశ్వరం నుంచి బయల్దేరి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే ఏలూరు కాలువ అలాంటిది. ఏలూరు దగ్గర గోదావరి కాలువా కృష్ణా కాలువా ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. ఇంగ్లీషు కెనాల్ మన దగ్గరే దున్నడం నేర్చుకుంది. ఇప్పుడు పడవలు పోయాయి, పంట మిగిలింది. ఈ కాలువని 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారు కానీ దాని మీద మా కంటికి కనబడేది గుర్రపుడెక్కే.

పడవలు వదిలిపోయిన ఒక మాట మాత్రం గట్టు మీద ఉండిపోయింది. లాకు. పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే తలుపుల కట్టడం. ఇంగ్లీషులో తాళానికీ దీనికీ ఒకటే మాట. మనం దాన్ని రెండుసార్లు అరువు తెచ్చుకున్నాం. కాటన్ కాలంలో వచ్చింది లాకు, ఉకారంతో, లాకులు అని బహువచనంతో, పూర్తిగా తెలుగు పిల్ల. సెల్‌ఫోన్లతో పాటు వచ్చింది లాక్, పొల్లుతో, ఇంకా పరాయి పిల్లే. లాకుల దగ్గర బస్సు దిగేవాడు ఫోన్ లాక్ తీస్తూ ఆ రెండూ ఒకటని అనుకోడు. ఒక ఇంగ్లీషు మాటని రెండు తెలుగు మాటలు చేసుకోగలిగిన మనం, రెండు ఇంగ్లీషు మాటల్ని ఒక కాలువలో కలిపేయడంలో వింతేముంది?

తెలుగులో అసలు ఈ తేడా లేదా అంటే, ఉంది, వేరే చోట ఉంది. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది కూడా 1852లోనే, ఆనకట్ట పూర్తయిన ఏడే. మద్రాసులో మాటలకి గట్టు కట్టడం, ధవళేశ్వరంలో నీళ్లకి గట్టు కట్టడం ఒకేసారి అయ్యాయి. కానీ రైతు నోట్లో ఉన్న నీటి మాటల్ని ఊరూరా తిరిగి ఏరడానికి మరో 110 ఏళ్లు పట్టింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని, వ్యవసాయ పదాల సంపుటాన్ని, 1962లో తెచ్చింది. ఇలాంటి కోశం పక్కన పెట్టుకుంటే ఇంగ్లీషువాళ్ల రెండు మాటలు చిన్నబోతాయి. కాలువ, పిల్లకాలువ, బోదె, తూము, కలుజు, వాగు, ఏరు, పాయ. ఇవి నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో, ఎంత వస్తున్నాయో, ఎక్కడికి పోతున్నాయో చెబుతాయి. వాటిని ఎవరు తవ్వించారన్నది చెప్పవు. మనవాళ్లకు ముఖ్యమైన తేడా పారించేదా, మురుగు తీసేదా అన్నది. అది కూడా ముందు చిన్న విశేషణం తగిలించి చెప్పేస్తారు, పంట కాలవ, మురుక్కాలవ. పంట బోదె, మురుగు బోదె. ఇంగ్లీషులో కెనాల్‌కీ డ్రెయిన్‌కీ ముఖపరిచయం లేదు. తెలుగులో అవి ఒకే ఇంటిపేరు పెట్టుకున్న అన్నదమ్ములు.

రెండు మాటలు ఒకే అర్థంతో పక్కపక్కన నిలబడటం మాకు కొత్త కాదు. మా ఊరి పేరే చూడండి. బయటివాళ్లు వినగానే నవ్వుతారు. కానీ నల్లమలలో చెంచుల గూడేలను పెంటలంటారు, ఊళ్ల పేర్ల చివర వచ్చే పాడుకి అర్థం ఊరే. ఆ లెక్కన పెంటపాడు అంటే ఊరూరు అని నేను పెళ్లిళ్లలో వాదిస్తుంటాను. ఒప్పుకున్నవాళ్లు తక్కువ, నవ్వు మానినవాళ్లు ఇంకా తక్కువ.

నీళ్ల పేర్ల విషయంలో మా ప్రాంతం మరీ మొండిది. ఎర్ర కాలువ అనేదాన్ని ఎవరూ తవ్వలేదు. మెట్ట ప్రాంతంలో కొండల నీళ్లు పట్టుకుని దిగే వాగు అది, ఎర్రటి వండ్రు తెస్తుంది, కోపం వస్తే నిడదవోలు, తాడేపల్లిగూడెం, పెంటపాడు మండలాల్లో చేలు ముంచుతుంది. పేరు మాత్రం కాలువ. నందమూరు అక్విడెక్టు దగ్గర పైన ఏలూరు కాలువ పోతుంటే, కింద నుంచి ఎర్ర కాలువ దూరిపోతుంది. అక్కడ నిలబడి చూడాల్సిందే. పైన నీళ్లు నిదానంగా, గట్లు పట్టుకుని, ఆకుపచ్చగా. కింద బురదరంగు నీళ్లు, కొట్టుకొచ్చిన మొద్దులు స్తంభాలకు తట్టుకుంటూ. మనిషి తవ్వినదీ కాలువే, దేవుడు తవ్వినదీ కాలువే, ఒకదాని మీద ఒకటి. ఆ వంతెన దాటి కాస్త దిగువకు వెళ్లేసరికి కిందది పేరు మార్చుకుంటుంది. అవే నీళ్లు ఇప్పుడు యనమదుర్రు డ్రెయిన్. పెంటపాడు పక్కనుంచి భీమవరం వైపు పోయి సముద్రంలో కలుస్తుంది. పైన వాగు, పేరు కాలువ, దిగువన డ్రెయిన్. ఒక్క నీటిబొట్టు మూడు మాటలు మారుతుంది, తడి మారదు.

వెంకయ్య-వయ్యేరు కాలువ పేరులో ఏరు ఉంది. గోస్తనీ-వేల్పూరు కాలువలో నది పేరుంది. కాటన్ కాలంలో ఉన్న ఏళ్లనూ పాయలనూ వీలైనచోట సరిచేసి కాలవల్లో కలిపేశారు కాబట్టి పాత పేర్లు కొత్త ఒంట్లో ఉండిపోయాయి. కొల్లేటి నీళ్లను సుమారు 60 కిలోమీటర్ల దూరాన సముద్రంలోకి దింపే ఉప్పుటేరు పేరులోనే ఏరు. మురుగునీటి పనుల లెక్కల్లో దాన్నీ డ్రెయిన్ల వరసలోనే చూస్తారు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, డెల్టా మురుగంతా వచ్చి కొల్లేట్లో పడితే బయటికి ఉన్న వాకిలి అదొక్కటే. దాన్ని ఏరు అన్నప్పుడు ఒక మర్యాద ఉంటుంది, డ్రెయిన్ అన్నప్పుడు ఇంకొకటి. డ్రెయిన్ అన్న మాట వినగానే అందులో ఏది పోసినా పోతుందన్న ధైర్యం మనుషులకు వస్తుందని నాకు అనుమానం. తాడేపల్లిగూడెం నుంచి భీమవరం దాకా యనమదుర్రు గట్టున నడిచినవాళ్లెవరూ ఈ అనుమానాన్ని కొట్టిపారేయరు.

కొల్లేటి దగ్గర తగాదా వేరే మాటల జంట మీద. కొలను, చెరువు. కొలను తనంతట తాను ఏర్పడింది, చెరువు గట్టు పోసి కట్టుకున్నది. చూశారా, కెనాల్-ఛానల్ తేడా మనం నిలవ నీళ్లలో పెట్టుకున్నాం. కానీ లంక గ్రామాల్లో చెరువు అంటే ఇప్పుడు చేపల చెరువే. ఇంగ్లీషు కలిసిన నోట అదే ట్యాంకు. ఇంగ్లండువాడికి ట్యాంకు అంటే నీళ్ల తొట్టి, భారతదేశపు ఇంగ్లీషులో మాత్రం వందల ఎకరాల చెరువు కూడా ట్యాంకే, లేకపోతే హైదరాబాద్‌కి ట్యాంక్‌బండ్ అన్న పేరు ఎక్కడిది? సరస్సు లోపల గట్లు పోసి చెరువులు తవ్వుకున్నారు. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గట్లు తెగ్గొట్టారు. 2008లో శాసనసభ మూడో కాంటూరు దాకా కుదించమని తీర్మానం చేసింది. కాంటూరు అన్న సర్వే మాట ఇవాళ లంకల్లో వలలాగా, దోనెలాగా ఇంటి మాట. ఐదో కాంటూరువాడు, మూడో కాంటూరువాడు అని మనుషుల్నే విడగొట్టి పిలుచుకుంటారు. సరస్సు అంటే అటవీ శాఖ, చెరువు అంటే రైతు. మాట ఏది వాడారో చూస్తే మాట్లాడేవాడు ఎటువైపో తెలిసిపోతుంది.

ఆనకట్ట, బ్యారేజీల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను, అది వేరే వ్యాసం. ఆనికట్ అన్న ఇంగ్లీషు మాట తమిళ అణైక్కట్టు నుంచి, మన ఆనకట్టకు చుట్టం. దొరలు మన మాట పట్టుకెళ్లి మనకే తిరిగిచ్చారు. ఆనకట్ట మీదుగా వరద దాటిపోతుంది, బ్యారేజీలో గేట్లెత్తి వదలాలి. కృష్ణ మీద 1855 నాటి ఆనకట్ట చోట 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. గోదావరి మీద 1970లో మొదలుపెట్టి 1982లో ముగించిన బ్యారేజీకి నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. అయినా మా వైపు వరదొస్తే 'ఆనకట్ట దగ్గర ఎంతుందట?' అనే అడుగుతారు.

ఇక డాక్టర్ల లోకం. శరీరంలో కెనాల్ ఎక్కువ, ఛానల్ తక్కువ. చెవిలో కెనాల్, పంట్లో కెనాల్. రూట్ కెనాల్ అన్న మాట తాడేపల్లిగూడెంలో ఏ పంటి ఆసుపత్రి బోర్డు మీదైనా కనబడుతుంది. పాఠ్యపుస్తకాలు నాళం అన్నాయి, జీర్ణనాళం అని చదువుకున్నాం, కానీ పన్ను నొప్పి పుట్టినవాడు నాళం చేయించుకున్నానని చెప్పడు. ఛానల్ వెళ్లి టీవీలో స్థిరపడింది. 1995లో తెలుగులో ప్రైవేటు ప్రసారాలు మొదలయ్యాక పల్లెల్లో ఆ మాటకు నీటితో ఉన్న సంబంధం తెగిపోయింది. అర్థపరిణామం అంటే ఏమిటని భాషాశాస్త్రం పిల్లలు అడిగితే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మా మేనల్లుడు ఈమధ్య కాలవగట్టు మీద సెల్‌ఫోన్ పట్టుకుని తన ఛానల్ కోసం వీడియో తీస్తుంటే, ఆ దారిన పోతున్న, కాలవ చూసుకునే లస్కరు, "ఇది ఛానల్ కాదండి బాబూ, కెనాలండి. ఛానల్ తూము అవతలండి" అని సర్దిచెప్పాడు. వాడికి అర్థం కాలేదు. నాకు ముప్పై ఏళ్ల కిందటి అర్జీ గుర్తొచ్చింది.

లస్కరు అన్నదే అసలు గీత. తూము. ఎగువన ప్రధాన కాలువ, బ్రాంచి, దాని పిల్లలు, ఇవన్నీ కెనాల్. తూము దాటి చేలల్లోకి పోయే బోదె ఫీల్డ్ ఛానల్. రెండూ తవ్వినవే, రెండూ నీళ్లు అప్పజెప్పేవే, ఒక్కోచోట వెడల్పు కూడా ఇంచుమించు ఒకటే. తేడా ఒక్కటే, పూడిక ఎవరు తీయాలి? కెనాల్ సర్కారుది, ఛానల్ రైతులది.

ఈ లెక్క నిన్నటిది కాదు. చెరువుల కింద, కాలవల కింద చిన్న మరమ్మతులు ఆయకట్టుదారులే చేసుకోవడాన్ని మద్రాసు రాజధానిలో కుడిమరామతు అనేవారు. కుడి అంటే తమిళంలో రైతు, మరామతు మన మరమ్మతే. చేయకపోతే బలవంతంగా చేయించడానికి 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. 1865 నాటి నీటి తీరువా చట్టం ఇంకా చిత్రం. ఏయే నీళ్ల మీద పన్ను వేయవచ్చో చెబుతూ నది, వాగు, ఛానల్, ట్యాంకు అని వరసగా చెప్పి, చివర 'వర్క్' అంటుంది. కెనాల్‌కి ఆ వరసలో విడిగా చోటు లేదు. కెనాల్ ఆ చట్టం కంటికి నీటి రకం కాదు, సర్కారు చేసిన పని. పని చేసినవాడిదే బాధ్యత, పన్ను కూడా వాడిదే. 1997లో రైతుల భాగస్వామ్యంతో సాగునీటి నిర్వహణ చట్టం వచ్చి నీటి సంఘాలు ఏర్పడ్డాక ఈ గీత కాస్త ఎగువకు జరిగింది, పిల్లకాలవల నిర్వహణ కూడా సంఘాల చేతిలో పడింది. మాటలు మాత్రం జరగలేదు. ఫీల్డ్ ఛానల్ అన్నచోట ఇప్పటికీ రైతే పలుగూ పారా పట్టుకోవాలి.

అందుకని నా తీర్పు ఇది. నిఘంటువు చెప్పే 'తవ్వింది, తవ్వనిది' సూత్రం అట్లాసుకి సరిపోతుంది, అంగారకుడి దాకా పనికొస్తుంది, డెల్టాలో మాత్రం చెల్లదు. ఇంజనీర్ల 'దారి, మోత' సూత్రం పోలవరంలో నిలుస్తుంది, తూము దగ్గర తడబడుతుంది. తూము దగ్గర నిలిచేది ఎవరిదన్న లెక్కే. ఇంగ్లీషు మాటలు మన కాలవల మీదికి దస్త్రాలతో పాటు వచ్చాయి, దస్త్రానికి కావాల్సింది నీళ్ల సంగతి కాదు, ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలన్నది. తెలుగు మాటలకు ఆ బెంగ లేదు. పెదనాన్న 'పొలానికెళ్లే కాలవ' అన్నప్పుడు నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పారు. నేను దాన్ని ఫీల్డ్ ఛానల్ చేసి, ఆయన చెప్పని మాట చెప్పాను, ఆ కాలవ మాదేనని ఒప్పేసుకున్నాను.

అర్జీ కథ అక్కడితో ఆగలేదు. ఊళ్లో ఒక రిటైరైన ఓవర్సీయరు గారు అసలు విషయం చెప్పి, పూడిక తూముకి ఎగువన ఉంది కాబట్టి కెనాల్ అనే రాయమన్నారు. మళ్లీ రాశాను. ఈసారి ఫీల్డ్ తీసేశాను, ఛానల్ తీసేశాను, బ్రాంచి కెనాల్ అని కింద గీత కూడా గీశాను. జూన్ దగ్గర పడుతోంది, కాలవలు ఇవాళో రేపో వదులుతారంటున్నారు. పెదనాన్న స్వయంగా సైకిలు మీద తీసుకెళ్లి ఇచ్చొచ్చారు. వారం తిరక్కుండానే కాగితం తిరిగొచ్చింది. మాటల్లో తప్పేమీ పట్టలేదు. రైతు నేరుగా ఇవ్వకూడదనీ, పంచాయతీ ద్వారా రావాలనీ, మార్జిన్లో ఎర్ర సిరాతో మూడు ఇంగ్లీషు మాటలు రాశారు, 'త్రూ ప్రాపర్ ఛానల్' అని.

నేను చదివి వినిపించాను. పెదనాన్న కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఈ ఛానల్ ఎవరు తవ్వాలిరా?" అన్నారు.